అరవై మూడో నంబరు ప్లాటు అమ్మనన్న అండాలు

2022 జూన్ నెల. ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు మీద, ఒక టైర్ల దుకాణం పైన ఫస్టు ఫ్లోర్ల మా బ్రాంచి ఆఫీసు ఉండేది. మాది ప్లాట్లు అమ్మే కంపెనీ. నేను అక్కడ సేల్స్ మేనేజర్‌ని. పేరు స్వరూప. టెలీకాలర్‌గ చేరిన. అంటె పొద్దంత ఫోన్లు చేసి జనాన్ని ప్లాటు చూసేటందుకు రమ్మని ఒప్పించే పని. అక్కడి నుంచి మేనేజర్ కుర్చీ దాక వచ్చేసరికి పదకొండేండ్లు పట్టింది. మా ఇంట్ల కూలికి గాకుండ ఆఫీసుకు పొయ్యిన మొదటి ఆడదాన్ని నేనే. ఆ కుర్చీ మీద నాకు ఎంత పానమో ముందే చెప్పుకుంటె మంచిది, ఎందుకంటె తర్వాత జరిగినదాంట్ల దానికి కూడ పాత్ర ఉన్నది.

ఆ యేడు బొంగులూరు గేటు దాటినంక లోపలికి, ఒక ఊరి పక్కన కొత్త వెంచర్ వేసినం. ఊరి పేరు ఇక్కడ రాయను, అక్కడ ఇప్పుడు ఇండ్లు కట్టుకొని జనం ఉంటున్నరు. వెంచర్ పెద్దది, అమ్మేటోళ్లం తక్కువ. కొత్తగ పదిమంది సేల్స్ ఎగ్జిక్యూటివ్‌లను తీసుకోమని హెడ్డాఫీసు నుంచి చెప్పిన్రు. అనుభవం లేకున్నా సరే, డిగ్రీ ఉంటె చాలు అని ఆఫీసు ముందట ఫ్లెక్సీ కట్టినం, వాట్సాప్ గ్రూపులల్ల పెట్టినం. శనివారం వాక్-ఇన్ అని రాసినం. ముందుగ పేరు ఇయ్యాల్సిన పని లేదు, ఆ రోజు సర్టిఫికెట్లు పట్టుకొని నేరుగ వచ్చుడే.

పొద్దుగాల తొమ్మిదిటికి నేను పొయ్యేసరికి మెట్ల మీద మనుషులు గోడకు ఆనుకొని వరుసగ నిలబడ్డరు. ఎవరి చేతిల చూసినా పారదర్శకంగ కనపడే ప్లాస్టిక్ ఫైలు. కొందరు పెదవులు కదుపుకుంట ఏదో వల్లె వేసుకుంటున్నరు. నేను వాళ్ల నడుమకెళ్లి "జర జరగండి" అనుకుంట పైకి పొయ్యిన. లోపల ఏసీ వేసి ఉంది. హెడ్డాఫీసు నుంచి ప్రతాప్ సార్ వచ్చి కూసున్నడు. మా ఏరియా మొత్తానికి సేల్స్ హెడ్ ఆయన. చెడ్డ మనిషి గాదు. మాట తొందర, పని తొందర, అంతే.

ఈ ఇంటర్వ్యూలు ఎట్ల జరుగుతయో తెల్వనోళ్లకు కొంచెం చెప్పాలె. ఒక్కొక్కరికి ఏడెనిమిది నిమిషాలు ఇస్తం. మొదట "మీ గురించి చెప్పండి" అంటం. చెప్పేదాంట్ల సగం మేము వినం. మనిషి కూసున్న తీరు చూస్తం, గొంతు వింటం. ఆ తర్వాత రోల్ ప్లే. అంటె ఉత్తుత్తి బేరం. నేను కొనేదాన్ని, వచ్చినోళ్లు అమ్మేటోళ్లు. నేను కావాలని అడ్డం మాట్లాడుత. దూరమున్నది అంట, ఇంట్ల అడిగి చెప్త అంట. దాన్ని వాళ్లు ఎట్ల దాటుకొస్తరో చూస్తం. మా లైన్ల దీన్ని ఆబ్జెక్షన్ హ్యాండ్లింగ్ అంటరు. ఎదుటి మనిషి కాదన్నదాన్ని సరే అనేదాక తెచ్చుడు.

మధ్యాహ్నం దాక పాతికమందిని చూసినం. అందరి సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఒక్క తీరుగనే ఉన్నది, ఒక్క వీడియో చూసే నేర్చుకున్నట్టు. అందరికీ బలహీనత ఒక్కటే, "ఎక్కువ కష్టపడుడు". ఒకాయన నేను నోరు తెరువకముందే సంతకం పెట్టమని పెన్ను చేతికిచ్చిండు. ప్రతాప్ సార్ నవ్వి అతన్ని అక్కడనే సెలెక్ట్ చేసిండు.

రెండు దాటినంక అండాలు వచ్చింది.

ఫారం మీద ముప్పై నాలుగేండ్లని ఉంది. నీలం రంగు కాటన్ చీర, గట్టిగ ఇస్త్రీ చేసి ఉంది. చెప్పులు తలుపు బయట విడిచి వచ్చింది. పొద్దటినుంచి అట్ల ఎవ్వరూ విడువలే.

"చెప్పులు వేసుకొనే రావచ్చమ్మా" అన్నడు ప్రతాప్ సార్.

"గచ్చు తెల్లగున్నది గద సార్" అన్నది ఆమె, కుర్చీ అంచు మీద కూసుంట.

పదో తరగతి కాంగనే పెండ్లయిందంట. ఇంటర్, డిగ్రీ పెండ్లయినంక దూరవిద్యల చదివింది. పెనిమిటి తుక్కుగూడ దిక్కు ఒక గోదాముల వాచ్‌మన్. ఒక బిడ్డ, ఏడో తరగతి. ఇదంత ఫారం చూసి నేను తెలుసుకున్నది. ఆమె మాత్రం ఇంగ్లీషుల మొదలుపెట్టింది, "మై నేమ్ ఈజ్ అండాలు, ఐ యామ్ వెరీ హ్యాపీ టు..." అని. రెండో ముక్క పూర్తి కాకముందే ప్రతాప్ సార్ చెయ్యి ఎత్తిండు.

"సరే సరే, తెలుగుల చెప్పు."

ఆమె ఆగిపొయ్యింది. "చెప్పేటందుకు ఇంకేం లేదు సార్, ఫారంల ఉన్నదంత" అన్నది.

నేను వెంచర్ లేఅవుట్ ప్లాన్ ఆమె ముందుకు జరిపిన. రోడ్లు, ప్లాట్లు, నంబర్లు గీసిన పెద్ద కాగితం అది. "నేను ఎల్బీనగర్ల ఉంట. టీచర్‌ని. ఇల్లు కట్టుకునేటందుకు జాగ చూస్తున్న. ఈ అరవై మూడో నంబరు నాకు అమ్ము" అన్న.

వేరేటోళ్లు ప్లాన్ దిక్కు చూడకుండనే మొదలుపెట్టేవాళ్లు. ఈమె దాన్ని తీసుకొని ఒక్కసారి తిప్పింది. మళ్ల ఇంకోసారి తిప్పింది. ఊర్లకెళ్లి నడిచి వస్తె ఏది ముందు వస్తదో అట్ల పెట్టుకున్నది. వేలు పెట్టి ఏదో వెతికింది. ఆమె వెతికేది మా రోడ్లను గాదు.

"గిది మా ఊరిదా మేడం?" అన్నది.

"అవ్. మీ ఊరి పక్కదే."

"గీడ కుంట ఉంటది." వేలు కాగితం అంచు దాటి బల్ల మీదికి పొయ్యింది. "గీడ అలుగు. నిండినంక మీది నీళ్లు గీడికెళ్లి దుంకుతయి. గిట్ల ఒర్రె." వేలు మళ్ల కాగితం మీదికి వచ్చి, వంకర తిరుగుకుంట మా ప్లాట్ల మీదికెళ్లి కిందికి నడిచింది. ఒర్రె అంటె వానకాలం నీళ్లు పారే సన్న వాగు. "అరవై మూడు కాడ మలుగుతది. డెబ్బయి ఒకటి దాక గదే దారి."

ప్రతాప్ సార్ నవ్విండు. "నువ్వు అమ్మేదానివమ్మా. అడ్డం మాట్లాడాల్సింది మేడం, నువ్వు గాదు."

"గా ప్లాటు నేను అమ్మను సార్."

"ఎందుకు?"

"గీడ నేను నాటేసిన. పెండ్లయి వచ్చినకాంచి యేటా కూలికి పొయ్యేదాన్ని. గది పొలం సార్. కుంట నిండిన యేడు పిక్కల దాక నీళ్లల్ల నిలబడి వేసినం. తెల్లారి పొయ్యి చూస్తె నారంత కొట్టుకపొయ్యింది. మళ్ల వేసినం."

"ఇప్పుడు ఎర్ర మట్టి, మొరం కొట్టి లెవెల్ చేసినం. ఒర్రె లేదు, పొలం లేదు."

"మొరం కొట్టినట్టు నీళ్లకు ఎరికైతదా సార్?" అన్నది. ఎదురు మాట్లాడినట్టు గాదు, నిజంగనే అడిగినట్టు అడిగింది.

"సరే, నీకు నచ్చిన ప్లాటు చూపించి అమ్ము" అన్న నేను.

ఆమె ముందుకు జరిగి కూసున్నది. వేలును మీది బాజుకు, అంటె ఎత్తున్న దిక్కుకు, నూట పన్నెండు కాడికి తెచ్చింది. "గిది చెలక మేడం, మెట్ట భూమి. కందులు, ఆముదాలు వేసేది. ఎంత వాన పడ్డా తెల్లారేసరికి కాళ్లకు మట్టంటకుండ నడువొచ్చు. ఎండకాలం పొద్దుమీకితె గాలి బాగ వస్తది, మేము కల్లం గీడనే చేసేది. మీరు టీచర్ అంటున్నరు. పిల్లలుంటె ఒక్కటి ఆలోచన చేసుకోండి. బడి బస్సు ఊర్లకు వస్తది గని ఈడిదాక రాదు. పొద్దుగాల పది నిమిషాలు నడువాలె. గది కష్టమనుకుంటె ఇప్పుడే చెప్పండి. కొన్నంక మీరు బాధపడొద్దు, నేను మీకు మొకం చాటేసి తిరుగొద్దు."

ఇది ఉత్తుత్తి బేరమని నేను మర్చిపొయ్యిన. ఆ నడిచే దారికి లైట్లు ఉన్నయా అని అడగబొయ్యి ఆగిన. ఈ లైన్ల అంతమందిని చూసిన గని, నన్ను అట్ల కూసోబెట్టి వినిపించినోళ్లు ఒక్కరు లేరు.

ఆమె బయటికి పొయ్యినంక ప్రతాప్ సార్ పెన్ను బల్ల మీద కొట్టుకుంట అన్నడు: "మాట్లాడుతది. మస్తు మాట్లాడుతది. కాని రేపు సైటు మీద కొనే పార్టీ ముందట గిదే అంటె? ఒక్కామె తొమ్మిది ప్లాట్లు ముంచుతది. వద్దు."

నేను ఎదురు చెప్పలే. మా ఫారం కింద మూడు డబ్బాలు ఉంటయి: సెలెక్ట్, హోల్డ్, రిజెక్ట్. నా చేతితోటే రిజెక్ట్ మీద టిక్కు పెట్టిన. రిమార్క్స్ కాడ "నెగెటివ్ అప్రోచ్" అని రాసిన. ఆ తర్వాత వరుసల ఉన్న మనిషిని పిలిచిన.

చెప్పాల్సింది ఇంకొకటున్నది. ఆ తొమ్మిదిట్ల నాలుగు అప్పటికే అమ్ముడుపొయ్యినయి. అరవై ఆరో నంబరు నేనే అమ్మిన, అంతకు నెల ముందు. కొన్నది మా విజయ టీచర్. నాకు ఎనిమిదో తరగతిల లెక్కలు చెప్పింది. రిటైర్ అయినంక చిన్న ఇల్లు, ముందట పూల మొక్కలు అని ఆమెకు ఆశ. ఎంతమంది ఏజెంట్లు తిరిగినా వినకుండ, "స్వరూప ఉన్న కంపెనీ అయితె నాకు ఫికర్ లేదు" అని వచ్చింది.

ఆదివారం చర్చిల కూసున్న గని పాస్టర్ ఏం చెప్పిండో ఒక్క ముక్క తలకెక్కలే. సోమవారం పొద్దుగాల అండాలు ఫారం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసిన. "జర సైటు కాడికి వస్తవా? ఇంటర్వ్యూ గురించి గాదు. నువ్వు చెప్పిన జాగ నాకు చూపియ్యి" అన్న.

నా స్కూటీ పొయ్యేసరికి ఆమె వచ్చి నిలబడ్డది. అప్పటికి రెండు చిన్న వానలు పడ్డయి అంతే. నేల మీద నాకేం కనపడలే. ఎర్ర మొరం, రాళ్లు పాతిన హద్దులు, నంబర్లు రాసిన పలకలు. అండాలు మాత్రం అరవై మూడు కాడికి పొయ్యి కూసొని ఒక గడ్డిపోచ పట్టి మెల్లగ గుంజింది. మొరం లోపటికెళ్లి, కింద నల్లటి చిన్న గడ్డతోటి బయటికి వచ్చింది.

"తుంగ" అన్నది. "నీళ్లు నిలిచే జాగలనే మొలుస్తది. చెలకల మొలువదు. మీరు పోసిన మొరం జానెడో మూరెడో, దాన్ని పొడుసుకొని వచ్చింది చూడండి."

చూసిన. ఒక్కసారి కండ్లు పడ్డంక ఇగ అంతట అదే కనపడ్డది. సన్నగ, ఆకుపచ్చగ, వంకర తిరిగిన ఒక పట్టీ లెక్క, అరవై మూడు కాడికెళ్లి డెబ్బయి ఒకటి దాక. నేను ఆ సైటుకు ఎన్నిసార్లు వచ్చిన్నో. విజయ టీచర్‌ను దాని మీద నిలబెట్టి ఫొటో కూడ దిగినం.

తిరిగి వచ్చేటప్పుడు నడుచుకుంట మాట్లాడినం. ఆమె ఇంతకుముందు పొయ్యిన ఇంటర్వ్యూల గురించి అడిగిన. మన్నెగూడల ఒక బట్టల షోరూముకు పోతె, లేచి నిలబడమని చూసి, చిన్న వయసు పిల్లలు కావాలన్నరంట. ఇంకొక ఇన్సూరెన్స్ ఆఫీసుల అయితె ముందుగాల పదిమంది చుట్టాల ఫోన్ నంబర్లు రాసియ్యమన్నరంట.

"నేను ఇంటర్వ్యూ అనుకున్న మేడం. వాళ్లకు కావాల్సింది నేను గాదు, మా చుట్టాలు" అని నవ్వింది.

"మరి మా తాన ఎట్లనిపించింది?" అని అడిగిన. అడగకుండ ఉంటె బాగుండేదని అప్పుడే అనిపించింది.

"నిజం చెప్పాల్నా?" అన్నది. "తొమ్మిదిన్నరకు వచ్చిన. రెండు దాక మెట్ల మీద నిలబడ్డ. నా ముందట పిల్లకు కండ్లు తిరిగినయి, కింద టైర్ల దుకాణపాయన నీళ్లిచ్చిండు. గా ఇంగ్లీషు మా బిడ్డ నేర్పింది. వారం దినాలు పొయ్యి కాడ కూసొని చదివిన. మీరు రెండు ముక్కలు కూడ ఇనలే. ఇంటికి పోతె మా బిడ్డ అడిగింది, 'అంత చెప్పినవా అమ్మా' అని. చెప్పిన అన్న."

ఇన్నేండ్లు నేను బల్లకు ఈ బాజు కూసొని, ఆ బాజు ఎట్లుంటదో పూరాగ మర్చిపొయ్యిన. నేను మొదట ఉద్యోగానికి పొయ్యిన రోజు ఎట్ల వణికిన్నో నాకే గుర్తు లేదు.

మంగళవారం మా కంపెనీ నడిపే ఎండీ సార్‌కు చెప్పిన. ఆయన తీరుబాటుగనే విన్నడు. "కాగితాలన్నీ సరిగ్గున్నయి స్వరూపా. ఆ కుంట నిండక ఎన్నేండ్లయిందో తెలుసా? వచ్చే నెల ఇంజినీర్‌ను పంపి చూపిస్త. అందాక ఎవ్వరి తోటి అనకు" అన్నడు. సరే అని వచ్చిన. బుధవారం ఫోన్ చేతిల పట్టుకొని పొద్దంత కూసున్న. విజయ టీచర్ నంబరు తీసిన, నొక్కకుండనే ఫోన్ పక్కన పెట్టిన. టీచర్‌కు చెప్తె నా ఉద్యోగం పోతది. చెప్పకుంటె ఏం పోతదో దానికి నాకు పేరు తెల్వలే.

గురువారం పొద్దుగాల వాళ్లింటికి పొయ్యిన. ఛాయ్ తెచ్చింది. తాగకముందే మొత్తం చెప్పిన, తుంగ ముచ్చట కూడ. టీచర్ కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ల పెట్టుకున్నది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"శనివారం టీచర్."

"ఇయ్యాల ఏం వారం?"

చిన్న పిల్లకు లెక్క అడిగినట్టే అడిగింది. "గురువారం" అన్న.

"నా ఇంటికి నీ ఆఫీసుకు నడుమ ఎంత దూరమున్నది? ఈ దూరం రానీకి నీకు అయిదు రోజులు పట్టిందా స్వరూపా?"

తిడితె బాగుండు. తిట్టలే. "ఛాయ్ తాగు, సల్లారుతది" అని, కాగితం పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది. "నాతోటి పాటు కొన్నోళ్ల ముగ్గురి పేర్లు రాయి. వాళ్లకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్త టీచర్" అన్న.

ఆ రోజే ముగ్గురికీ ఫోన్ చేసిన. సాయంత్రానికి ఎండీ సార్ నుంచి పిలుపు వచ్చింది. ప్రతాప్ సార్ కూడ అక్కడనే ఉన్నడు.

"నువ్వు కంపెనీ మనిషివా, పార్టీ మనిషివా?" అన్నడు ఎండీ సార్.

దారి పొడుగున నేను పెద్ద పెద్ద మాటలు తయారు చేసుకున్న. అక్కడికి పొయ్యినంక ఒక్కటి గుర్తు రాలే. "సార్, ఈ వానకాలం అయ్యేదాక ఆ తొమ్మిది అమ్ముడు ఆపుదం. నీళ్లు రాకుంటె మీరు పొమ్మననక్కర లేదు, నేనే పోత" అన్న.

కొన్న నలుగురికీ తెలిసినంక ఇగ దాచుడు కుదరదని ఆయనకు అర్థమైంది. "సరే. వానకాలం దాకనే" అన్నడు.

తర్వాతి నెలల వానలు మొదలైనయి. మొదట రెండు రోజులు ఏం గాలే. తుంపర. మూడో రోజు నుంచి ఎడతెరిపి లేదు. పొద్దు పొద్దున్నే అండాలు ఫోన్ చేసింది. "మేడం, అలుగు దుంకుతున్నది" అన్నది.

నేను, ప్రతాప్ సార్, ఎండీ సార్ ముగ్గురం ఒక్క కారుల పొయ్యినం. వెంచర్ కమాను కాడ దిగినం. కుంట దిక్కుకెళ్లి ఎర్రటి నీళ్లు వస్తున్నయి. మేము వేసిన రోడ్డును అవి లెక్కపెట్టలే. అండాలు బల్ల మీద వేలు ఎట్ల నడిపిందో అట్లనే వంకర తిరుగుకుంట, అరవై మూడు కాడ మలిగి, కిందికి పోతున్నయి. నంబరు పలకలు కొన్ని కొట్టుకపొయ్యినయి. అరవై ఆరు మీద నీళ్లు మోకాలు లోతు ఉన్నయి. మీది బాజు చెలక దిక్కు మాత్రం వాన నీళ్లు ఇంకి, నేల ముదురు రంగుల మెరుస్తున్నది. ఊరోళ్లు నలుగురైదుగురు గొడుగులు పట్టుకొని చూస్తున్నరు. వాళ్లకు అది కొత్త గాదు.

ఎండీ సార్ ప్యాంటు మడిచి కొంచెం దూరం లోపటికి నడిచి, మళ్ల వెనక్కు వచ్చిండు. "ఆడ ఇల్లు కట్టినంక ఇది వచ్చి ఉంటె..." అని అక్కడనే ఆపేసిండు.

ఆ తొమ్మిది ప్లాట్లు లేఅవుట్ల నుంచి తీసేసినం. ఒర్రెను మళ్ల తవ్వించి, రెండు దిక్కుల రాళ్లు కట్టించి ఖాళీగ వదిలినం. కొన్న నలుగురిల ముగ్గురికి మీది బాజు ప్లాట్లు ఇచ్చినం. నాలుగో ఆయన నమ్మలే, కట్టిన పైసలు వాపస్ తీసుకొని పొయ్యిండు. నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలే. ఆయనది తప్పని నేను అనను.

ఆ వారంలనే ప్రతాప్ సార్ నా టేబుల్ కాడికి వచ్చి, "ఆ అండాలును పిలువు" అన్నడు. వేరే ఏం అనలే. ఆయన నోట్లకెళ్లి అంత రావుడే ఎక్కువ.

నేను ఫోన్ చేసి ఉద్యోగం వచ్చిందని చెప్పిన. సంబురపడుతదనుకున్న.

"మేడం, ఒక్కటడుగుత. ఏమనుకోరు గద? నేను వాన పడకముందు పాసైన్నా, పడ్డంక పాసైన్నా?"

అబద్ధం నోటి దాక వచ్చింది. 'ఎప్పుడో పాసైనవ్, ఆర్డర్ లేటైంది' అని ఒక్క మాట అంటె అయిపోతది. మా లైన్ల అటువంటివి అలవోకగ వస్తయి. "పడ్డంక" అన్న. "ఆ రోజు ఫారం మీద రిజెక్ట్ అని రాసింది నేనే. ప్రతాప్ సార్ గాదు. నా చెయ్యే."

"నాకు ఎరికే. మీ మొకంల కనపడ్డది" అన్నది. "కాని మీరు నోటితోటి చెప్పాలని అడిగిన. సోమవారం నుంచి వస్త. ఒక్కటి మాత్రం. నేను అమ్మను అన్న జాగ నా తోటి అమ్మియ్యొద్దు."

"అమ్మియ్య" అన్న.

మొదటి మూడు నెలలు ఆమె అందరికన్న తక్కువ అమ్మింది. ప్రతాప్ సార్ ప్రతి మీటింగుల నా దిక్కు చూసేటోడు. ఆ తర్వాత ఆమె తాన కొన్నోళ్లే వాళ్ల అక్కలను, తమ్ములను, ఆఫీసోళ్లను తోలుకొని వచ్చుడు మొదలుపెట్టిన్రు. వాళ్లు ఆఫీసుకు వచ్చి కంపెనీ పేరు అడగకపొయ్యేది, "అండాలక్క ఉన్నదా?" అనేటోళ్లు. మా కంపెనీల ఆమె పెద్ద స్టార్ అయిందని చెప్తె అబద్ధమైతది. కొన్ని నెలలు బాగ నడిచేది, కొన్ని నెలలు ఏం ఉండకపొయ్యేది. కాని ఆమె అమ్మినదాని మీద ఒక్క కంప్లయింటు రాలే.

విజయ టీచర్ మీది బాజున ఇల్లు కట్టుకున్నది. పోతె ఛాయ్ ఇస్తది, మంచిగ మాట్లాడుతది. "నువ్వుంటె నాకు ఫికర్ లేదు" అన్న మాట మాత్రం మళ్ల అనలే. ఆ మాట కోసం నేను కాచుకొనుడు కూడ మానేసిన.

ఇంటర్వ్యూలు నేను ఇప్పటికీ చేస్త. ఇప్పుడు టైమ్ ఇచ్చి పిలుస్తం. వచ్చినోళ్లకు కుర్చీలు, తాగనీకి నీళ్లు ఉంటయి. పాసో ఫెయిలో అదే రోజు మొకం మీద చెప్తం. మొదలుపెట్టిన మాట ఏ భాషల ఉన్నా ఆఖరు దాక వింటం. ఇవన్నీ చేయనీకి కష్టమేం లేదు, ఎవరో ఒకరు అక్కర ఉందని చెప్పాలె అంతే. నాకు అండాలు చెప్పింది.

అన్నిటికన్న పెద్దది ఇంకొకటి నేర్చుకున్న. అమ్మే పనికి మాట కావాలని నేను అనుకున్న, వచ్చినోళ్లల్ల మాటనే వెతికిన. ఆ గదిల కూసున్నోళ్లల్ల ఆ నేల గురించి తెలిసింది ఒక్కామెకే, ఆమెనే మేము పనికిరాదన్నం. అందుకే ఇప్పుడు రోల్ ప్లే అయినంక ప్రతి ఒక్కరిని ఒక్కటడుగుత: "మీకు తెలిసి, మాకు తెల్వంది ఏమన్న ఉన్నదా?" చానమంది ఏం లేదంటరు. కొందరు భయపడి నా దిక్కు చూస్తరు, ఇది కూడ పరీక్షనే అనుకొని. ఎప్పుడో ఒకసారి ఒకరు మెల్లగ, "చెప్పొచ్చా మేడం?" అంటరు. అప్పుడు పెన్ను కింద పెట్టి, నడుమల ఒక్క మాట కూడ అందియ్యకుండ కూసొని వింట. మాట్లాడి బతికినదాన్ని గద, వినుడు నాకు ఇంకా పూరాగ అలవాటు కాలే.